నాలుగు అడవి జంతువులు, ఒక అస్థిపంజరం, మా అమ్మ

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఒక అస్థిపంజరం ఉంది. ప్లాస్టిక్‌దే లెండి. పిల్లలు దాన్ని ఎముకల మాస్టారు అంటారు. కొన్న పది రోజులకే కింది దవడ స్ప్రింగు ఊడిపోయింది, అమ్మినవాళ్ళు ఫోనెత్తడం మానేశారు. చివరికి నేనే గుంటూరు పట్టుకెళ్ళి బాగుచేయించి, పాత దుప్పట్లో చుట్టి, పాసింజరు రైల్లో బాపట్ల తెచ్చుకున్నాను. రైల్లో ఎవరూ ఏమీ అడగలేదు. స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కుతుంటే దుప్పటి జారి పాదం బయటికొచ్చింది. ఆటో అబ్బాయి ఆ పాదం చూశాడు, నన్ను చూశాడు.

"ఇద్దరికి ఇవ్వాలి మేడం" అన్నాడు.

"ఇది సామానయ్యా."

"సీట్లో కూచున్నాక సామానైతే ఏంటండీ, మనిషైతే ఏంటండీ."

అతను చెప్పింది న్యాయమే. ఎముకల మాస్టారు నిజంగానే కూచునున్నాడు, పడుకోబెడితే కాళ్ళు రోడ్డు మీదికి వస్తాయని నేనే కూచోబెట్టాను. ఇద్దరికీ డబ్బులిచ్చాను.

ఆ రాత్రి అమెరికా నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పాను. వెనకనుంచి మరిది నవ్వుతూ, "వదినా, మీరు చూసి తీరాల్సిన సినిమా ఒకటుంది. అందులో హీరో మీ మాస్టారే" అన్నాడు. సినిమా పేరు 'ద లాస్ట్ స్కెలిటన్ ఆఫ్ కడావ్రా'. కెడావర్ అంటే శవం అని మా బైపీసీ పిల్లలకి కూడా తెలుసు. శవం అనే మాటకి తోక తగిలించి ఊరి పేరులా చేసిన మనిషి ఎవరా అనుకుంటూనే ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపాను. పక్కన అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

లారీ బ్లామైర్ అనే ఆయన 2001లో ఈ సినిమా తీశాడు. రాసిందీ తీసిందీ ఆయనే, అందులో సైంటిస్టు పాల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌గా వేసిందీ ఆయనే. డిజిటల్ వీడియో మీద తీసి నలుపు తెలుపులోకి మార్చారు. థియేటర్లకి 2004లో వచ్చింది. కానీ మొదటి పది నిమిషాలు చూస్తే మాత్రం 1950ల్లో తీసి ఎక్కడో గోడౌన్లో మర్చిపోయిన రీలనే అనుకుంటారు. టైటిల్స్‌లోనే 'స్కెలెటోరామా'లో తీశామని గొప్పగా వేసుకున్నారు. అలాంటి టెక్నాలజీ ఏదీ లేదు. ఆ రోజుల్లో ప్రతి చిల్లర సినిమా పోస్టరు మీదా ఇలాంటి 'రామా' ఒకటి ఉండేది కదా, దానికి వెక్కిరింపు.

కథ చెప్తాను. చెప్తే పాడయ్యే కథ కాదు. పాల్ ఆర్మ్‌స్ట్రాంగ్, అతని భార్య బెట్టీ కారేసుకుని కొండల్లోకి వెళ్తారు, ఆకాశం నుంచి పడ్డ ఉల్కని వెతకడానికి. ఆ ఉల్కలో 'అట్మాస్ఫీరియం' అనే అరుదైన మూలకం ఉంటుంది. అదే కొండల్లో రోజర్ ఫ్లెమింగ్ అనే దుష్ట సైంటిస్టు కడావ్రా గుహలో ఉన్న అస్థిపంజరానికి ప్రాణం పోయాలని తిరుగుతుంటాడు. దానికీ అట్మాస్ఫీరియమే కావాలి. ఈలోగా మార్వా అనే గ్రహం నుంచి వచ్చిన దంపతులు, క్రో-బార్, లాటిస్, తమ రాకెట్ చెడిపోయి అక్కడే దిగుతారు. వాళ్ళ ఇంధనం కూడా, మీరు ఊహించినట్టే, అట్మాస్ఫీరియం. వాళ్ళు పెంచుకుంటున్న వికృత జంతువొకటి రాకెట్లోంచి తప్పించుకుని పోతుంది. ఒక్క రాయి కోసం మూడు జట్లు, ఊరి మీద పడ్డ ఒక మృగం. అంతే కథ.

పాల్ మాట్లాడే తీరు చూసి నాకు మా ఇన్విజిలేషన్ గది గుర్తొచ్చింది. ఈ ఉల్క దొరికితే సైన్సుకి ఎంత మేలో తెలుసా అంటాడు భార్యతో. ఏం మేలు? సైన్సు రంగంలో అసలైన ముందడుగులు పడతాయట. జవాబు తెలియని పిల్లవాడు ప్రశ్ననే తిప్పి రాసి రెండు మార్కులు ఆశించినట్టు, ఈయన ప్రతి వాక్యాన్నీ అదే వాక్యంతో వివరిస్తాడు. అదీ ఎంతో గంభీరంగా, పైపు తాగే ప్రొఫెసర్ల గొంతుతో. పాత చౌకబారు సినిమాల్లో డైలాగు రాసేవాడికి సైన్సు రాదు, పలికేవాడికి అసలే రాదు. ఆ రానితనాన్ని బ్లామైర్ ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడంటే, అది రావాలంటే బోలెడు వచ్చి ఉండాలి.

ఇక అనిమాలా దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గ్రహాంతరవాసుల దగ్గర ఒక యంత్రం ఉంటుంది, ట్రాన్స్‌మ్యూటాట్రాన్. నా కంటికి అది బాత్‌రూమ్ టైల్స్ సందుల్లో సిలికాన్ నింపే గన్‌లా కనిపించింది. దానితో వాళ్ళు భూమి మనుషుల్లా మారతారు. ఫ్లెమింగ్ దాన్ని సంపాదించి, నాలుగు వేరువేరు అడవి జంతువుల్ని కలిపి అనిమాలా అనే ఒక ఆడమనిషిని తయారుచేస్తాడు. ఏ నాలుగు? సినిమా మొత్తంలో ఎవరికీ అక్కర్లేదు. 'నాలుగు వేరువేరు అడవి జంతువులు', అంతే! ఇరవయ్యేళ్ళుగా ఫైలం, క్లాసు, ఆర్డరు అంటూ పిల్లల ప్రాణాలు తీస్తున్నదాన్ని నేను. జీవుల్ని వర్గాలుగా విడదీసి పేర్లు పెట్టిన లిన్నేయస్‌ని ఒక్క మాటతో చెత్తబుట్టలో వేశారు. నవ్వి నవ్వి నాకు పొలమారింది. అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి నా వీపు మీద చరిచింది.

"ఏమయిందే? ఆ పిల్ల ఎవరు?"

"నాలుగు జంతువులమ్మా."

"ఏం జంతువులు?"

"అదే చెప్పట్లేదు."

"పిల్లి ఒకటి" అంది అమ్మ, తెరకేసి చూసి. "ఆ నడక పిల్లిదే."

అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా అక్కణ్ణుంచి సినిమా నా చేతుల్లోంచి అమ్మ చేతుల్లోకి వెళ్ళిపోయింది.

భోజనాల సీను ఈ సినిమాకి గుండెకాయ. పాల్ వాళ్ళ క్యాబిన్‌కి అందరూ భోజనానికి చేరతారు. గ్రహాంతర దంపతులు తమ పేర్లు బామిన్, టెర్గాసో అని చెప్పుకుంటారు, భూమ్మీద ఇవి మామూలు పేర్లన్న ధీమాతో. భూమి మనుషులు ఎలా కూచుంటే అలా కూచుంటారు, ఎలా నవ్వితే అలా నవ్వుతారు, అరక్షణం ఆలస్యంగా. అనిమాలా మాత్రం చేతులు వాడదు, ముఖం పళ్ళెంలో పెట్టి తింటుంది. ఇంత జరుగుతున్నా పాల్‌కీ బెట్టీకీ ఏ అనుమానమూ రాదు. మర్యాదస్తులు కదా.

అమ్మ ఆ సీనంతా ఊపిరి బిగబట్టి చూసింది. "పాపం ఆ మొగుడూపెళ్ళాలు" అంది. "కొత్త ఊళ్ళో ఎలా తినాలో తెలీక పక్కవాళ్ళని చూసి తింటున్నారు. మీ చెల్లి పెళ్ళయిన కొత్తలో స్టార్ హోటల్‌కి తీసుకెళితే నేనూ ఇంతే చేశాను. ఎదురుగా ఉన్నావిడ ఫోర్కు పట్టుకుంటే పట్టుకున్నా, వదిలితే వదిలా." నేను వెక్కిరింపు చూసిన చోట అమ్మ కష్టం చూసింది. ఆ తర్వాత నాకూ అలాగే కనిపించింది, ఏం చేస్తాం.

అస్థిపంజరం లేచాక అమ్మకి నేను డబ్బింగ్ చెప్పాల్సి వచ్చింది. దాని నోరు కదలదు, మాట నేరుగా ఎదుటివాడి బుర్రలో వినపడుతుంది. బహు పొగరుమోతుది. ఫ్లెమింగ్ అంత కష్టపడి లేపితే, కృతజ్ఞత లేకపోగా వాణ్ణి పనివాడికన్నా హీనంగా చూస్తుంది. హుకుములన్నీ జారీ చేసి, ఇక నేను పడుకుంటాను అంటుంది. రెప్పలు లేవు, మూయడానికి కళ్ళూ లేవు. ఏం పడుకుంటుంది? కానీ ఫ్లెమింగ్ అలికిడి చెయ్యకుండా బయటికి నడుస్తాడు. మా పాత ప్రిన్సిపాల్ గది ముందు మేమూ అలాగే నడిచేవాళ్ళం.

"తాడు కనపడుతోందే" అంది అమ్మ ఒకచోట.

"కనపడాలనే అమ్మా."

"అదేంటి? విఠలాచార్య అయితే కనపడకుండా చచ్చీచెడీ దాచేవాడు."

ఇక్కడ కాసేపు సినిమా ఆపి మేమిద్దరం 'జగన్మోహిని'లోకి వెళ్ళిపోయాం. ఆ సినిమా వచ్చింది 1978లో. నేను చూసింది మాత్రం ఏడేళ్ళప్పుడు, మా ఊరి హాల్లో ఎన్నోసారో తిరిగొచ్చినప్పుడు, అమ్మ ఒళ్ళో కూచుని నేల టికెట్టులో. జయమాలిని దయ్యంగా వచ్చి, కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది చూడండి, ఆ సీనుకి నేను అమ్మ చీరకొంగులో దూరిపోయాను. మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి ముందు కూచుని ఉంటే, ముందుగా వంగి కాళ్ళెక్కడున్నాయో చూసుకున్నాకే కాఫీ అడిగానట. నాకు గుర్తులేదు. అమ్మ మాత్రం చుట్టాలెవరొచ్చినా చెప్తుంది.

విఠలాచార్య గురించి ఒక ముచ్చట సినిమావాళ్ళు ఎప్పటినుంచో చెప్పుకుంటారు. ఏ నటుడైనా కాల్షీట్ల దగ్గర పేచీ పెడితే, ముని శాపం పెట్టించి ఆ పాత్రని చిలకగానో మేకగానో మార్చేసి, మిగతా సినిమా లాగించేసేవాడని. నిజమో కాదో గానీ, అమెరికాలో ఎడ్ వుడ్ అనే చౌక సినిమాల దర్శకుడు అచ్చంగా ఇలాంటి పనే చేశాడు. ఆయన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' కథలోకి ఎక్కించాలనుకున్న, డ్రాక్యులా వేషంతో పేరుబడ్డ నటుడు బేలా లుగోసీ 1956 ఆగస్టులో చనిపోయాడు, చేతిలో ఉన్నవి కొద్దిపాటి షాట్లు. ఎడ్ వుడ్ తన భార్యకి వెన్నునొప్పి వైద్యం చేసే ఆయన్ని పట్టుకొచ్చి, నల్లకోటు ముఖానికి అడ్డం పెట్టించి మిగతాది పూర్తి చేశాడు. ఆయన లుగోసీ కన్నా పొడగరి, పోలికే లేదు. చిలక నయం.

అప్పుడు మరిది ఈ పాత సరుకు గురించి పంపిన మెసేజీలు అమ్మకి చదివి వినిపించాను. 1930ల్లో అమెరికా హాళ్ళలో ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు వేసేవాళ్ళు. పేరున్న తారలతో తీసిన పెద్దది మొదటి రకం, దానికి జోడీగా చౌకలో చుట్టేసినది 'బి'. యాభైలకి వచ్చేసరికి ఆ చౌక సరుకంతా రాకెట్లు, రాక్షస చీమలు, పిచ్చి సైంటిస్టులతో నిండిపోయింది. 1953లో వచ్చిన 'రోబో మాన్‌స్టర్'లో రోబో వేషం కట్టించడానికి డబ్బుల్లేక, సొంత గొరిల్లా వేషం ఉన్న జార్జ్ బారోస్ అనే నటుణ్ణి పిలిచి, ఆ గొరిల్లా తలకి బదులు నీళ్ళలో దిగేవాళ్ళ హెల్మెట్ లాంటిది తగిలించారు. భూమిని నాశనం చేయడానికి వచ్చిన రోబో అదే. 1959లో విలియం కాజిల్ అయితే 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్' ఆడుతున్న హాళ్ళలో, తెర మీద అస్థిపంజరం లేచే సమయానికి నిజంగానే ఒక ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తీగ మీద జనం నెత్తిమీదుగా పంపించాడు. ఆ ఏర్పాటుకి 'ఎమర్జో' అని పేరు కూడా పెట్టాడు. పిల్లలు జడుసుకోవడం పోయి, పాప్‌కార్న్ డబ్బాలతో దాన్ని గురిచూసి కొట్టడం మొదలుపెట్టారు.

"దవడ ఊడొచ్చుంటుంది" అన్నాను.

"స్ప్రింగు" అంది అమ్మ, అన్నీ తెలిసినట్టు.

ఈ సినిమా నాకు ఇంతగా ఎందుకు నచ్చిందో ఆలోచిస్తే మా కాలేజీ ఫ్రెషర్స్ డే ఒకటి గుర్తొస్తుంది. నాలుగేళ్ళ కిందట స్టాఫ్ అందరం కలిసి దయ్యాల స్కిట్ వేశాం. ఎముకల మాస్టారికి నైలాన్ దారాలు కట్టి, ఇద్దరు అటెండర్లు స్టేజీ పక్కనుంచి లాగాలి. నేను మంత్రగత్తెని. నాకేమో సిగ్గు. ఇదంతా వేళాకోళమని నాకు తెలుసు సుమా అని పిల్లలకి తెలియాలన్నట్టు, ప్రతి డైలాగుకీ వాళ్ళవైపు చూసి నవ్వాను, కన్ను కొట్టాను, గొంతు వెటకారంగా సాగదీశాను. హాల్లో ఒక్కడు నవ్వలేదు. వెనక వరసల్లో ఫోన్లు వెలగడం కనిపిస్తోంది. అంతలో ఒక దారం తెగి మాస్టారి కుడిచెయ్యి ఊడి స్టేజీ మీద పడింది. బోటనీ సారు మాంత్రికుడి వేషంలో ఉన్నాడు. అసలే నవ్వని మనిషి. వంగి ఆ చెయ్యి తీసుకుని, రెండు చేతులా కళ్ళకద్దుకుని, తన డైలాగు ఒక్క అక్షరం తప్పకుండా చెప్పుకుపోయాడు. హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, బెంచీల మీద దరువులు. తర్వాత ఆయన్ని అడిగితే, "మరేం చెయ్యాలండీ, చెయ్యి కింద పడుంటే తొక్కుతారు కదా" అన్నాడు.

బ్లామైర్ సినిమాలో అందరూ మా బోటనీ సారులే. ఒక్కరు కన్ను కొట్టరు. బెట్టీగా వేసిన ఫే మాస్టర్‌సన్ కేకలు పెట్టే చోట నిజంగా ప్రాణభయంతో పెడుతుంది. అనిమాలాగా జెన్నిఫర్ బ్లేర్ నాలుగు జంతువుల బరువూ భుజాన వేసుకుని నటిస్తుంది. పాత సినిమాల మీద వెటకారాలు చాలానే వచ్చాయి. వాటిలో చాలావరకు నాకు విసుగు, ఎందుకంటే తీసేవాడు తాను ఆ పాతవాళ్ళకన్నా తెలివైనవాణ్ణని ప్రతి ఫ్రేములోనూ చెప్పుకుంటాడు. ఈ సినిమాలో ఆ పొగరు అస్థిపంజరానికి తప్ప ఎవరికీ లేదు.

లోపం లేదని కాదు. ఒకే రకం జోకు గంటన్నర లాగడం కష్టం. నడుమ ఒక పావుగంట అడవిలో అటూ ఇటూ నడుస్తూనే ఉంటారు, నేను లేచి టీ పెట్టుకొచ్చాను. పాత సినిమాల్లోనూ ఇలా నడిపించే నిడివి పెంచేవాళ్ళు, అది కూడా నివాళే అని మరిది వాదన. నివాళి అయినా టీ తాగకుండా చూడలేం.

పోయిన వేసవిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు మరిది నన్ను ఆ గుహకి తీసుకెళ్ళాడు. లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులో బ్రాన్సన్ కేన్యన్ అనే చోటుంది. ఈ సినిమా తీసింది అక్కడే, ఆ గొరిల్లా రోబో తిరిగిందీ అక్కడే, 1966లో మొదలైన బ్యాట్‌మన్ సీరియల్లో కారు దూసుకొచ్చే గుహ ముఖమూ అదే. కారు దిగి కాస్త నడిస్తే చాలు. తీరా చూస్తే అది గుహ కాదు. 1903లో మొదలైన రాళ్ళ క్వారీ తవ్విన సొరంగం, ఆ కంకర నగరం రోడ్లకి పోయిందట. ఇటు దూరి నాలుగడుగులు వేస్తే అటు తేలతాం. కెమెరా ఎదురుగా పెడితే అవతలి వెలుతురు కనిపించిపోతుంది కాబట్టి, ఎప్పుడూ పక్కవాటుగా పెట్టి చీకటి గుహ అనిపిస్తారు.

చెల్లెలి కొడుకు లోపలంతా తిరిగొచ్చి, "పెద్దమ్మా, గుహ ఎక్కడ?" అన్నాడు. వాడికి తొమ్మిదేళ్ళు. పక్కకి తీసుకెళ్ళి, భుజాలు పట్టి వాటంగా నిలబెట్టి, ఇప్పుడు చూడు అన్నాను. కాసేపు చూశాడు. "ఓ" అన్నాడు. తర్వాత వాడే పరిగెత్తి లోపలికి పోయి, చీకట్లోంచి గొంతు బొంగురు చేసి, నాకు అట్మాస్ఫీరియం కావాలి అని అరిచాడు. అక్కడే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి, గుహ వైపు తిరిగి, ఎంతో సీరియస్‌గా తన జేబులు వెతుక్కుని, లేదన్నట్టు రెండు చేతులూ చూపించాడు.

ఆ గుహ ముందు నేల మీద దొరికిన ఒక మామూలు రాయి ఫోటో తీసి అమ్మకి వాట్సాప్‌లో పంపాను, ఉల్క అని రాసి. సాయంత్రానికి అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. "దాన్ని ఆ మొగుడూపెళ్ళాలకి ఇచ్చెయ్యమను. పాపం ఇంటికెళ్ళిపోతారు."

దీనికి రెండో భాగం కూడా ఉంది, 2009లో వచ్చింది. మొన్న ఆదివారం ఆ సంగతి చెప్తే అమ్మ నమ్మలేదు. ఆ బక్కప్రాణిని మొదటిదాంట్లోనే వదిలించుకున్నారు కదే అంది. వదిలించుకున్నా మళ్ళీ వచ్చిందట అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, వంటింట్లోకి వెళ్ళి, బుట్టెడు చిక్కుడుకాయలు పట్టుకొచ్చి టీవీ ముందు కూచుంది.